వైద్యశాలల కంప్యూటర్లు - ఒక ఆడిటు నివేదిక

బ్రిటనులో ప్రభుత్వ వ్యయమును తనిఖీచేసి పార్లమెంటునకు తెలుపు సంస్థ నేషనల్ ఆడిట్ ఆఫీసు. 2017 అక్టోబరులో అది ప్రకటించిన నివేదిక యొకటి ఉపాధ్యాయులును విద్యార్థులును చదువదగినది. ఆ సంవత్సరము మే 12న 'వనాక్రై' అను దుష్ట ప్రోగ్రాము అనేక దేశముల కంప్యూటర్లలోని సమాచారమును గూఢలిపిలోనికి మార్చి, విప్పుటకు సొమ్ము అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడ కొన్ని దీని వాతబడినవి. ఇంగ్లండులోని ప్రభుత్వ వైద్యశాలలకు ఏమి జరిగినదో ఈ నివేదిక చెప్పుచున్నది.

అచ్చటి 236 ఆసుపత్రి ట్రస్టులలో కనీసము 81 చిక్కులపాలైనవి. వానిలో కంప్యూటర్లకు తాళము పడినవి 37. రోగుల అపాయింటుమెంట్లు 6,912 రద్దయినట్లు తేలినది; మొత్తము 19,000 మించియుండునని అంచనా.

లోపము సామాన్యమైనదే. విండోసులోని ఆ రంధ్రమును మూయు 'ప్యాచ్'ను, అనగా అతుకును, మైక్రోసాఫ్టు సంస్థ మార్చిలోనే విడుదల చేసినది. మార్చి, ఏప్రిల్ నెలలలో హెచ్చరికలును వెళ్లినవి. తాళముపడిన చోట్ల ఆ అతుకు లేదు, లేదా విండోసే కాలము చెల్లినది. అంతకుముందే 88 ట్రస్టుల కంప్యూటరు భద్రతను పరీక్షింపగా ఒక్కటియు ఉత్తీర్ణము కాలేదు. తరగతి మొత్తము తప్పిన పరీక్ష! పరీక్షించిన సంస్థకో, దిద్దించు అధికారము లేదు. ఇంతటి మాటను దాచక అచ్చువేయుట ఈ నివేదిక గొప్పతనము.

భద్రతా విషయములు బయటపెట్టినచో దొంగకు దారి చూపినట్లగునని ఒక వాదము కలదు. అందు సగము నిజము: మూయని రంధ్రము ఎచ్చటనున్నదో చెప్పరాదు. కాని ఎందరు తప్పిరి, హెచ్చరిక ఏ నెలలో అందినది అను అంకెలతో ఏ తాళమును తెరువజాలరు.

నివేదిక బలహీనమైన చోటు ఖర్చు. నష్టమెంతో ఆరోగ్య శాఖకే తెలియదని చెప్పి ఊరకున్నది. కుటుంబవైద్యుల వద్ద రద్దయిన అపాయింటుమెంట్లను ఎవరును లెక్కింపలేదు. మరుసటి అక్టోబరులో గాని ఆ శాఖ 9 కోట్ల 20 లక్షల పౌండ్లను అంచనాను ప్రకటింపలేదు. అందధికభాగము, దాడి ముగిసిన పిమ్మట కంప్యూటర్లను బాగుచేయుటకైనదే. ముందే అతుకు వేసికొనిన ఎంత మిగిలియుండెడిదో!

మన దేశములో ఇట్టి దాడులను చూచు సంస్థ సెర్ట్-ఇన్. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వము దీనిని 2005 సమాచార హక్కు చట్టమునుండి మినహాయించినది. అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారము మాత్రము ఈ మినహాయింపు క్రిందికి రాదు. ఎన్ని కార్యాలయములు అతుకు వేసికొనలేదను ప్రశ్న ఆ రెంటిలో దేనికిని చెందదు.