దోమలు మందుకు 'అలవాటు' పడతాయా?

'డి.డి.టి.కి దోమలు అలవాటు పడిపోయాయి.' ఈ వాక్యం తెలుగులో మీరు ఎన్నిసార్లు చదివి ఉంటారో లెక్కపెట్టలేం. వార్తల్లో ఉంటుంది, కరపత్రాల్లో ఉంటుంది, పిల్లల విజ్ఞాన పుస్తకాల్లోనూ ఉంటుంది. వాక్యం చిన్నదే కాని, 1859లో డార్విన్ ప్రకటించిన సిద్ధాంతాన్ని అది తలకిందులు చేస్తుంది.

సూరత్ సంగతి తీసుకుందాం. మగ్గాల పనికోసం తెలంగాణ జిల్లాల నుండి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. నగరానికి దక్షిణాన ఉన్న సచిన్ పారిశ్రామికవాడ పేరు వారికి కొత్త కాదు. ఆ ప్రాంతపు వరి, చెరకు పొలాలకు కాక్రాపార్ కాలువల నీరు పారుతుంది. కాలువల ఊట నీరు, పొలాల్లో నిలిచిన నీరు అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ దోమకు పుట్టినిల్లు. మన గ్రామాల్లో మలేరియాను ఎక్కువగా మోసేది ఈ దోమే.

జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం 1953లో మొదలైంది. ఆరేళ్లకే, అంటే 1959లో, అప్పటి బొంబాయి రాష్ట్రంలో ఉన్న పంచమహల్ జిల్లాలో ఈ దోమ డి.డి.టి.ని తట్టుకుంటున్నట్లు తేలింది. మలాథియాన్ చల్లితే 1970లలో గుజరాత్‌లో దానికీ లొంగడం మానింది. ఆపైన పైరిథ్రాయిడ్లు వచ్చాయి. సూరత్ జిల్లా దోమలు వీటినీ తట్టుకుంటున్నాయని ఢిల్లీలోని మలేరియా పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు 2002లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ప్రకటించారు.

ఇందులో 'అలవాటు' ఎక్కడుంది? నల్లమందు తినే మనిషి శరీరం దానికి అలవాటు పడుతుంది. అది ఒక మనిషి జీవితంలో జరిగే మార్పు, అతని పిల్లలకు సంక్రమించదు. దోమ బతికేది కొద్ది వారాలు. మందు చల్లిన గోడ మీద వాలిన దోమ ఏమీ నేర్చుకోదు. అది చావనైనా చస్తుంది, బతకనైనా బతుకుతుంది. లక్ష దోమల్లో పదింటికి, మందు చల్లక ముందు నుంచే, దాన్ని విరగ్గొట్టే ఎంజైము కాస్త ఎక్కువగా ఉందనుకోండి. మిగిలినవన్నీ చస్తే గుడ్లు పెట్టేది ఆ పదే. తరం తర్వాత తరం మారుతున్నది దోమ కాదు, దోమల గుంపులోని పాళ్లు.

ఇంకో విశేషం. డి.డి.టి., పైరిథ్రాయిడ్లు రెండూ దోమ నాడీకణాల్లోని సోడియం ద్వారాల మీదనే పనిచేస్తాయి. ఆ ద్వారంలో చిన్న తేడా ఉండి డి.డి.టి. దెబ్బను తప్పించుకున్న దోమ, తానెన్నడూ ఎరుగని పైరిథ్రాయిడ్‌నీ తట్టుకోవచ్చు. ఎరగని మందుకు అలవాటు ఎలా పడింది?

తేడా ముందు, మందు తర్వాత అన్నదానికి రుజువు అడుగుతారా? 1952లో లెడర్‌బర్గ్ దంపతులు ఒక మఖమల్ గుడ్డ ముక్కతో దాన్ని చూపారు. ఒక పళ్లెంలో పెరిగిన బాక్టీరియా మచ్చల మీద గుడ్డను అద్ది, అదే వరుసలో మందు కలిపిన పళ్లేల మీద ముద్ర వేశారు. ప్రతి పళ్లెంలోనూ ఒకే చోట్ల మచ్చలు బతికాయి. మొదటి పళ్లెంలో సరిగ్గా ఆ చోట్ల ఉన్న బాక్టీరియాను తీసి పరీక్షిస్తే, మందు వాసన చూడకుండానే అవి దాన్ని తట్టుకోగలిగాయి. ఇంత సులువైన ప్రయోగం మన పాఠాల్లో ఎందుకు కనబడదో నాకు అర్థం కాదు. జిరాఫీ మెడ మాత్రం తప్పకుండా ఉంటుంది.

పరిభాష కూడా ఈ అపోహకు తోడ్పడింది. 'ప్రకృతి వరణం' అనగానే మనకు స్వయంవరం గుర్తుకు వస్తుంది, దండ పట్టుకుని ఎవరో ఏరుకుంటున్నట్లు. ఈ దోషం అనువాదకులది మాత్రమే కాదు. డార్విన్ మాటలోనే ఎంపిక ఉంది, దానిమీద వచ్చిన ఆక్షేపణకు ఆయన తన గ్రంథం మలిముద్రణలో జవాబు చెప్పుకోవలసి వచ్చింది. కాని స్పెన్సర్ 1864లో వాడిన మాటను 'యోగ్యతముల సార్థక జీవనం' అనడం పూర్తిగా మన ఘనకార్యమే. మూలంలో ఉన్నది కేవలం మిగిలి ఉండడం. అందులో సార్థకత ఏముంది? సూరత్ కాలువలో మిగిలిన దోమది సార్థక జీవనమా?

దోమ దగ్గర ఈ పొరపాటు వల్ల పెద్ద నష్టం లేదని మీరు అనవచ్చు. అదే పొరపాటు మనుషుల దగ్గర చేస్తే? సూరత్‌కు తూర్పునున్న గిరిజన తాలూకాల్లోనూ, మన ఆదిలాబాద్, భద్రాచలం ఏజెన్సీల్లోనూ కొడవలి కణ జన్యువు ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుండే అది వచ్చినవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, వారిలో ఫాల్సిపేరం మలేరియా ప్రాణాంతకం కావడం అరుదు. తూర్పు ఆఫ్రికాలో ఆలిసన్ 1954లో ఈ సంబంధాన్ని చూపాడు. దీన్ని మనం 'మలేరియా నుండి రక్షణ కోసం శరీరం ఏర్పరచుకున్న ఏర్పాటు' అని రాస్తాం. ఆ 'కోసం' చదివినవారు, రక్షించేదానికి పరీక్షెందుకు, మందెందుకు అనుకుంటే తప్పెవరిది?

శరీరం ఏదీ ఏర్పరచుకోలేదు. హీమోగ్లోబిన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారిన పిల్లలు మలేరియా ఉన్నచోట కొంచెం ఎక్కువమంది బతికారు, అంతే. తల్లిదండ్రులిద్దరికీ ఒక్కో కొడవలి జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ చేరే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ బిడ్డ కీళ్ల నొప్పులు, రక్తహీనత ఈ లెక్కలో ఎవరూ జమకట్టనివి. మలేరియా తగ్గిన ఊళ్లో లాభం పోతుంది, జన్యువు మాత్రం తరాల పాటు ఉంటుంది. 7 కోట్ల మందిని పరీక్షించాలని 2023 జూలైలో కేంద్రం జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. చేతికి వచ్చిన కార్డును ఆ కుటుంబాలకు వివరించాల్సింది మన భాషల్లోనే. అదే ఏడాది ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి పుస్తకం నుండి పరిణామ పాఠాన్ని తొలగించింది. వెయ్యి ఎనిమిది వందలమందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు నిరసన లేఖ మీద సంతకాలు చేశారు. పది తర్వాత జీవశాస్త్రం వదిలేసే పిల్లవాడికి ఇక మిగిలేది 'అలవాటు', 'కోసం' మాత్రమే.

మొదటి వాక్యాన్ని దిద్దమని నాకిస్తే ఇలా రాస్తాను: 'డి.డి.టి.ని తట్టుకోగల దోమలు మొదట్లో ఏ కొన్నో ఉండేవి. మందు చల్లేసరికి మిగతావి చచ్చాయి. ఇప్పుడున్నవాటిలో ఎక్కువభాగం ఆ కొన్నిటి సంతానం.' ఒకటి మూడు వాక్యాలైంది. చోటు చాలదంటే పక్కనున్న దోమ బొమ్మను కాస్త చిన్నది చేసుకోవచ్చు.