‘ఎంబి’తో వచ్చిన చిక్కు

కోనసీమలోని మోరి గ్రామమునకు 2016లో ఫైబరు తీగద్వారా ఇంటింటికి ఇంటర్నెట్ వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తొలి రోజులలో ప్రకటించిన 149 రూపాయల పథకములో వేగము సెకండుకు 15 మెగాబిట్లు. ఇట్టి వేగమును మనవారు తరచు ‘15 ఎంబి’ అని వ్రాయుదురు. ఈ వ్రాత సరికాదు.

టెలిఫోను కంపెనీలు వేగమును బిట్లలో చెప్పును. కంప్యూటరు ఫైలు పరిమాణమును బైట్లలో చూపును. 8 బిట్లు ఒక బైటు. కనుక 15 మెగాబిట్లు 1.875 మెగాబైట్లే. 90 మెగాబైట్ల పాఠము 6 సెకండ్లలో దిగునని విద్యార్థి ఆశించును. తీగలో ఏ లోపము లేకున్నను 48 సెకండ్లు పట్టును.

ఇంగ్లీషులో చిన్న ‘బి’ బిట్టుకు, పెద్ద ‘బి’ బైటుకు గుర్తు. మన లిపిలో ఆ భేదము లేదు, రెండును ‘బి’యే.

‘మెగా’ అనగా పది లక్షలు. విండోస్ కంప్యూటరు దానిని 10,48,576గా లెక్కించును. ఈ సంఖ్యకు 1998లో ‘మెబి’ అను పేరు ఏర్పడినది. ఇక్కడి తేడా సుమారు 5 శాతమే. బిట్టు, బైటుల తేడా ఎనిమిది రెట్లు.

కావున ఉపాధ్యాయులు నల్లబల్లపై ‘మెగాబిట్లు’, ‘మెగాబైట్లు’ అని పూర్తిగా వ్రాయవలెను. ప్రమాణము స్పష్టముగా లేనిదే లెక్క సరిపోదు.