ఈడిపస్ నాటకమున దైవవాక్కు – పలాయనము – అన్వేషణము

గ్రీకు విషాదాంత నాటకములను గూర్చి మన విద్యాలయములలో చిరకాలముగా ప్రచారమునందున్న యభిప్రాయ మొకటి కలదు: అవి విధి నాటకములనియు, వానియందలి మానవుడు విధిహస్తమున ఆడెడి కీలుబొమ్మ యనియు. దీనికి ప్రధానోదాహరణముగా చూపబడునది సోఫొక్లీసు రచించిన ‘ఈడిపస్ రాజు’. కుమారుడు తండ్రిని చంపి తల్లిని పెండ్లాడునని దైవవాక్కు వెలువడుట, దానిని తప్పించుకొనుటకు చేసిన ప్రతి యత్నమును దానినే నెఱవేర్చుట, తుదకు సత్యము బయల్పడి రాజు తన కన్నులను తానే పొడుచుకొనుట, ఇంతవఱకు చెప్పి విధి బలీయమని ముగించుట సులభము. అయితే యిది కథాసంగ్రహమే కాని నాటకవిమర్శ కాదు. ఇట్లు సంగ్రహించినపుడు నాటకమునుండి జాఱిపోవునదేమియో పరిశీలించుట యీ వ్యాసమున మా యుద్దేశము. పలాయనము వ్యర్థమని సోఫొక్లీసు చూపినాడు. మానవప్రయత్నము వ్యర్థమని చూపలేదు. ఈ రెంటికి గల యంతరమే యీ నాటకమునకు ప్రాణమని మేము తలంచుచున్నాము.

1

ముందుగా కొంత పదవిచార మవసరము. గ్రీకుభాషలోని ‘మొయిరా’ శబ్దమును మనము ‘విధి’ యని యనువదించుచున్నాము. విధి యనగానే విధించువాడొకడు మన మనస్సున నిలుచును. బ్రహ్మకు విధి యను పేరే కలదు. నొసటివ్రాత యనినను వ్రాసిన చేయి యొకటి స్ఫురించును. మొయిరా శబ్దమునకు మూలార్థము భాగము, పాలు. ఎవని పాలికి వచ్చినది వాని మొయిరా. మన ‘భాగ్య’ శబ్దమును ‘భాగ’ శబ్దమునుండి యేర్పడినదే. వ్యుత్పత్తిని బట్టి చూచినచో విధికంటె భాగ్యమే గ్రీకుపదమునకు సన్నిహితము. కాని వ్యవహారమున భాగ్యము శుభార్థమునకు పరిమితమైపోయినది.

ఈ పాలు పంచినవాడెవడు అను ప్రశ్నకు గ్రీకు కావ్యములు ఒకే సమాధానము నీయవు. ఇలియడ్ కావ్యమున 16వ సర్గములో, తన కుమారుడైన సార్పిడాన్ మరణించు ఘడియ వచ్చినపుడు దేవరాజైన జ్యూసు వానిని కాపాడుదమా యని సందేహించును. హీరా వారించును. జ్యూసు శోకించుచునే మిన్నకుండును. దేవరాజుకూడ దాటరాదని తలంచు మేర యొకటి కలదని యిచట ధ్వనించుచున్నది. కనుక గ్రీకునాటకమున ‘విధి’ యను మాటను వాడునపుడు, మానవునిపై పగబట్టి తీగెలు లాగుచున్న వ్యక్తి నొకనిని మనము కల్పించుకొనరాదు.

2

దైవవాక్కు స్వరూపమును గూడ తెలిసికొనవలయును. డెల్ఫీ క్షేత్రమున అపొల్లో దేవుని పక్షమున పిథియా యను పూజారిణి పలుకు మాట గ్రీకులకు పరమ ప్రమాణము. క్రొత్త వలసలను స్థాపించుటకు ముందును, యుద్ధారంభమునను, తెగుళ్ళు వ్యాపించినపుడును నగరములు తమ దూతల నచటికి పంపుచుండెను. అపొల్లోకు ‘లాక్సియస్’ అను నామాంతరము కలదు; వక్రముగా పలుకువాడని దానికి అర్థము చెప్పుదురు. హెరొడొటసు చెప్పిన లిడియా రాజు క్రీససు కథ ప్రసిద్ధము. పారసీకులపై దండెత్తినచో గొప్ప సామ్రాజ్య మొకటి నశించునని దైవవాక్కు చెప్పినది. నశించినది క్రీససు సామ్రాజ్యమే. ఆ వాక్కు అసత్యము కాదు. ఏ సామ్రాజ్యమని యతడు మఱల అడుగలేదు.

సోఫొక్లీసు రచించిన ‘ట్రాకిస్ స్త్రీలు’ నాటకమునందును ఇదియే తీరు. ప్రాణముతో నున్న యెవనివలనను హెరాక్లీసునకు చావు లేదనియు, మృతుడైనవానివలననే కలుగుననియు దైవవాక్కు. అతడు పూర్వము చంపిన నెస్సస్ అను నరాశ్వుని రక్తము, భార్య డెయనైరా వశీకరణమని నమ్మి వస్త్రమునకు పూయగా, అతని ప్రాణము తీసినది. ఈ కథలన్నిటను దైవవాక్కు జరుగబోవు దానిని చెప్పునే కాని జరుగు విధమును చెప్పదు. ఆ రెంటికి నడుమనున్న యెడమును మానవుని స్వభావము, ప్రేమ, భయము, అజ్ఞానము నింపుచున్నవి. నాటకకర్త పని చేయునది ఆ యెడముననే.

3

ఈడిపసు కథను సోఫొక్లీసుకంటె ముందు ఎస్కిలసు క్రీ.పూ. 467లో నాటకత్రయముగా ప్రదర్శించెను. అందు నేడు మనకు మిగిలినది మూడవదైన ‘థీబ్సుపై ఏడుగురు’ మాత్రమే. సంతానము లేక మరణించినచో నగరమును కాపాడినవాడ వగుదువని అపొల్లో లేయసు రాజునకు ముమ్మాఱు చెప్పినట్లు ఆ నాటకమున కలదు. అది హెచ్చరిక, వినుటకో మీఱుటకో లేయసున కవకాశము కలదు. మీఱెను గనుక ఫలము తరతరములకు సంక్రమించినది. అచట అపరాధము, దండనము అను క్రమము స్పష్టము.

సోఫొక్లీసు ఈ షరతును తొలగించెను. ఆతని నాటకమున జొకాస్టా చెప్పినదానిని బట్టి, తమకు కలుగు కుమారుని చేత లేయసు మరణించునని మాత్రమే దైవవాక్కు. ‘ఇట్లు చేసినచో’ అను మాట లేదు. పూర్వకథలలో లేయసునకు ఆరోపింపబడిన పాపములను గూడ ఈ నాటకము ప్రస్తావింపదు. ఈ మార్పు చిన్నది కాదు. కారణమును చూపి ప్రేక్షకుని ఊరడించు మార్గమును కవి బుద్ధిపూర్వకముగా మూసివేసినాడు. ఈడిపసు చేసిన పాపమేమి యని వెదకు విమర్శకులు కవి తీసివేసిన దానిని మఱల తెచ్చి పెట్టుచున్నారు.

ఇక లేయసు దంపతుల పలాయనము. శిశువు పుట్టి మూడునాళ్ళైన గడవకమునుపే, చీలమండలు గ్రుచ్చి బంధించి, నిర్జనమైన కొండపై పాఱవేయుటకు వానిని పరహస్తముల కప్పగించిరి. ఆ పని నందుకొన్న గొల్లవాడు జాలి గొని బిడ్డను కొరింథు దేశపు పశులకాపరి కిచ్చెను. దైవవాక్కు నెఱవేఱుటకు తెఱవు తెఱచినది క్రౌర్యము కాదు, కరుణ. ఆ గొల్లవాడు నిర్దయుడై యుండినచో దైవవాక్కు తప్పెడిదని తర్కమునకు తోచును. కాని జాలియే లేని లోకమునందు తప్ప తప్పించుకొనుటకు వీలులేని దానిని చూపి, ఏ లోకమును కోరుదువని సోఫొక్లీసు మనలను మౌనముగా ప్రశ్నించుచున్నాడు.

రెండవ పలాయనము ఈడిపసుది. కొరింథులో విందున త్రాగినవా డొకడు అతనిని పాలిబసునకు పుట్టినవాడు కాడని యాక్షేపించెను. తల్లిదండ్రులు ఆ మాటను ఖండించినను సంశయము తీఱక ఈడిపసు రహస్యముగా డెల్ఫీకి పోయెను. తన తల్లిదండ్రులెవరని అతడడిగిన ప్రశ్న. తండ్రిని చంపుదువు, తల్లిని కూడుదువు అని వచ్చిన ప్రత్యుత్తరము. అడిగినదానికి బదులు రాలేదు; అడుగనిదానికి వచ్చినది. భయమునకు లోనైన ఈడిపసు మొదటి ప్రశ్నను మఱచి, కొరింథును విడిచి, థీబ్సు దిక్కునకు నడచెను. ఇల్లు విడిచితి ననుకొన్నవాడు ఇంటికే చేరెను. తండ్రి వయస్సు గలవానిని కొట్టకుండవలసినది, తల్లి వయస్సు గలదానిని పెండ్లాడకుండవలసినది అని అతనికి బుద్ధిచెప్పు విమర్శకులు లేకపోలేదు. పలాయనమున కొక పూర్వషరతు కలదు: ఎచటినుండి, ఎవరినుండి పాఱిపోవుచున్నామో తెలియవలయును. అతనికి లేనిది జాగ్రత్త కాదు, ఆ యెఱుక. అతని యోటమికి మూలము సోమరితనము కాదు, గర్వమును కాదు. నిజమనుకొన్న అసత్యమునందలి నిష్ఠ.

4

ఇంతవఱకు చెప్పినదంతయు నాటకారంభమునకు ముందే ముగిసిపోయినది. రంగస్థలముపై దైవవాక్కు నెఱవేఱుట మనము చూడము. మనము చూచునది ఒక దినమున ఒక రాజు చేసిన విచారణ. అరిస్టాటిలు తన కావ్యశాస్త్రమున స్థితివిపర్యయమునకును ప్రత్యభిజ్ఞకును ఈ నాటకమునే ఉదాహరించెను. పాలిబసు మృతుడయ్యెనని చెప్పి, ఈడిపసు భయమును పోగొట్టుటకై నీవతని కుమారుడవు కావని తెలుపు దూతవలననే ఆ భయము సత్యమగుచున్నది. ఊరటయే ఉపద్రవమైనది.

1966లో ఇ. ఆర్. డాడ్సు ఈ నాటకమును గూర్చిన యపార్థములపై వ్రాసిన ప్రసిద్ధవ్యాసమున, ఈడిపసు సత్యమును కనుగొనవలయునని ఏ దైవవాక్కును శాసింపలేదని గుర్తుచేసినాడు. ఇది మిక్కిలి విలువైన మాట. కాని దీని కొక యాక్షేపము కలదు, దానిని దాటవేయరాదు. నాటకములోనే టైరీసియసు అను అంధప్రవక్త, ఈ దినమే నీ జన్మమును వెల్లడించి నిన్ను నశింపజేయుననియు, చూపుగలవాడవు గ్రుడ్డివాడవై తిరుగుదువనియు చెప్పుచున్నాడు. డెల్ఫీ పలుకకపోయినను ప్రవక్త పలికెను గదా యని యడుగవచ్చును.

మా సమాధానమిది. టైరీసియసు తనంత తాను రాలేదు. ఈడిపసు పిలువనంపగా వచ్చెను. వచ్చియు చెప్పుటకు నిరాకరించి, ఇంటికి పోనిమ్మని వేడెను. హంతకులలో నీవొకడవని రాజు నింద వేయగా, కోపించి పలికెను. అనగా ఆ భవిష్యద్వచనము అన్వేషణమునకు ముందున్న కారణము కాదు. అన్వేషణమునుండి పుట్టిన ఫలము. చెప్పుట వేఱు, చేయించుట వేఱు అను భేదమును సోఫొక్లీసు ఇంతకంటె స్పష్టముగా చూపజాలడు.

అన్వేషణమును మానుమని ఈడిపసును మువ్వురు వేడిరి: ప్రవక్త, భార్య, గొల్లవాడు. వీరిలో జొకాస్టా వాదము శ్రద్ధగా చూడదగినది. లేయసు కొడుకుచేత చావలేదు, దొంగలచేత చచ్చెను. కనుక ప్రవక్తల మాట నమ్మదగదని ఆమె మొదటి తర్కము. పాలిబసు సహజమరణమునొందగా, లోకమున యాదృచ్ఛికతయే ప్రభువు, తోచినట్లు బ్రదుకుటయే మేలని రెండవ తర్కము. సత్యము స్ఫురించినపుడు ఇక వెదకకుమని తుది ప్రార్థన. ఇదియు పలాయనమే, దేశమునుండి కాక తెలివినుండి. ఈ మూడవ పలాయనమును ఈడిపసు తిరస్కరించెను. కొరింథునుండి పాఱిపోయినవాడే ఇచట పాఱిపోడయ్యెను. లేయసును చంపినదెవడని మొదలిడిన ప్రశ్న, నేనెవడను అని మాఱినది. పూర్వము డెల్ఫీలో బదులురాని ప్రశ్నయే మఱల లేచినది. ఈ మాఱు అతడు దానిని మఱవలేదు.

మేళకులు పాడిన రెండవ గీతమున ఈ నాటకపు మఱియొక పార్శ్వము కలదు. దైవవాక్కులు ఫలింపనిచో డెల్ఫీకి పోవుటయేల, దేవతాప్రీతికై నృత్యమాడుటయేల యని వారు కలత చెందుదురు. వారు రాజును ప్రేమించుచున్నారు. అయినను దైవవాక్కు సత్యము కావలయునని కోరుచున్నారు. అది సత్యమైనచో రాజునకు నాశము. అసత్యమైనచో లోకమునకు అర్థము లేదు. రెండును కోరదగినవి కావు. ఈ సంకటమును కవి పరిష్కరింపలేదు.

5

మన పురాణములలోని పరీక్షిత్తు, కంసుల కథలతో ఈ కథను పోల్చుట తఱచు జరుగుచున్నది. పరీక్షిత్తు ఒంటిస్తంభపు మేడ కట్టించుకొనినను తక్షకుడు పండులోని పురుగై వచ్చెను. కంసుడు దేవకిని చెఱనుంచినను అష్టమగర్భము గోకులమున పెరిగెను. తప్పించుకొనరాని తనము సమానమే. కాని పరీక్షిత్తు శాపమునకు మునియెడ చేసిన యపచారము కారణము. కంసుని చావు లోకమునకు క్షేమము. ఆ వాక్కులు ఫలించినపుడు ధర్మము నిలిచినదను తృప్తి మనకు కలుగును. ఇరువురును తమ శత్రువెవడో ఎఱుగుదురు. ఈడిపసునకు శత్రువు లేడు. ప్రేక్షకునకు తృప్తి లేదు. ఒకే ‘విధి’ శబ్దముతో ఈ రెండు లోకములను కప్పివేసినచో రెండింటికిని అన్యాయము జరుగును.

కన్నులు పొడుచుకొనిన పిమ్మట ఈడిపసు రెండు మాటలు చెప్పును: ఈ బాధలను తెచ్చినవాడు అపొల్లో, కన్నులను కొట్టిన చేయి మాత్రము తనదే. ఈ రెంటిలో ఒకదానిని తీసివేసి చదువుటవలననే విమర్శ దారి తప్పుచున్నది. మొదటిదానినే పట్టుకొన్నవారు కీలుబొమ్మను చూతురు. రెండవదానినే పట్టుకొన్నవారు అపరాధిని చూతురు. కవి మరణానంతరము క్రీ.పూ. 401లో ప్రదర్శింపబడిన ‘కొలోనసులో ఈడిపస్’ నాటకమున వృద్ధుడైన ఈడిపసు, తెలియక చేసినవాడను, నేను పుట్టకమునుపే పలుకబడిన దానికి నన్ను నిందించుటేల యని క్రియానును నిలదీయును. న్యాయదృష్టితో అతడు నిర్దోషి. అయినను తనచేత జరిగినది తనదే యని మొదటి నాటకమున ఒప్పుకొనినది న్యాయస్థానమునకు ఇచ్చిన వాఙ్మూలము కాదు. తానెవడో తెలిసికొనిన మానవుని ప్రతిజ్ఞ.

కావున ఈ నాటకమును బోధించునపుడు ‘విధిని తప్పించుకొనజాలము’ అను వాక్యముతో నిలిచిపోక, ఆపై నొక ప్రశ్నను చేర్చుట యుక్తమని మా మనవి: తప్పనిదానిని తెలిసికొనుటకు ఈడిపసును బలవంతపెట్టినదెవరు? నాటకమంతయు వెదకినను ఆ బలవంతపెట్టినవాడు ఈడిపసే యని తేలును. దైవవాక్కు అతని జీవితమును ముందే చెప్పినది. ఆ జీవితమును తెలిసికొని తీఱవలయునను పట్టుదలను మాత్రము ఏ దైవవాక్కును అతనికి విధింపలేదు.