జేడు ధూపపాత్రములు: ఔచిత్యవిచారము

చీనా చక్రవర్తుల యాస్థానములందు వెలసిన జేడు ధూపపాత్రములను గూర్చి చెప్పునపుడు జేడును మరకతమని యనువదించుట యుక్తము గాదు. మరకతము పచ్చనిది, కాంతిచే రాణించును. జేడు పచ్చనిదే గాక తెల్లనిది, పసుపుపచ్చనిది, నల్లనిదియుఁ గలదు, స్నిగ్ధస్పర్శచే రాణించును. కన్ఫ్యూషియసు దాని నునుపును దయాగుణముతోఁ బోల్చినట్లు ‘లీజీ’ యను ప్రాచీనగ్రంథము చెప్పుచున్నది. ఈ భేదము నెఱుఁగక యా పాత్రముల గుణదోషములను నిర్ణయింపరాదు.

ఈ శిల యులికి లొంగదు. తడిపిన గట్టియిసుకతో మెల్లమెల్లగా నరగఁదీయవలయును. కావునఁ బ్రతిరేఖయు దీర్ఘశ్రమఫలము. అయినను శ్రమాధిక్యమే సౌందర్యమునకుఁ బ్రమాణమా?

ధూపపాత్రమునకు రూపము మొదట లోహమునఁ గుదిరినది. క్రీ. పూ. 113లో మృతుఁడైన లియూ షెంగ్ అను రాజకుమారుని సమాధియందు 1968లో బయల్పడిన ధూపపాత్రము కంచుతోఁ జేసి బంగారు రేఖలు పొదిగినది. దాని మూఁత పర్వతాకారము. రంధ్రములనుండి పొగ వెడలినపుడు మబ్బు గ్రమ్మిన కొండవలెఁ దోఁచును. అచట నలంకారము ప్రయోజనము నాశ్రయించి యున్నది. తరువాతి జేడు పాత్రములు పెక్కులు ప్రాచీన కంచుపాత్రల కాళ్లను, చెవులను ననుకరించినవి.

1759 నాఁటికి చియన్‌లుంగ్ చక్రవర్తి యార్కండు, ఖోటాను ప్రాంతములను జయింపఁగా జేడు సమృద్ధిగా లభించెను. దానితోఁ గ్రిక్కిఱిసిన చెక్కడమును బ్రబలెను. ఆ మితిమీఱిన పనితనమును జేడునకు వాటిల్లిన యాపదగాఁ జక్రవర్తియే నిందించెను. హిందూస్థానపు జేడుపాత్రల పలుచఁదనమును మాత్రము తన కవితలందుఁ గొనియాడెను. హిందూస్థానమున జేడుపనికి గల గౌరవమును జూడఁగోరువారికి, 1951లో ప్రారంభమైన హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియమున జహంగీరు బాకు, నూర్జహాను పండ్లకత్తి గలవు.

అలంకారము తగిన తావున నున్నప్పుడే యలంకార మగునని 11వ శతాబ్దివాఁడగు క్షేమేంద్రుఁడు కావ్యమును గూర్చి సిద్ధాంతీకరించెను. శిల్పమునకును నిదియే యొరగల్లు. మన పూజయందు ధూప మొక యుపచారము. పాత్రము దానికి సాధనము. పొగకుఁ ద్రోవయు, రాతి నునుపునకుఁ జోటును విడిచిన చెక్కడ ముత్తమము. రెంటిని గప్పివైచి పనివాని నేర్పును మాత్రమే చాటునది, శబ్దాడంబరముచే భావము మఱుఁగుపడిన పద్యమువంటిది.