పరిశీలన కూడా ఒక పని: మారియెంతాల్ అధ్యయనం మీద కొన్ని ఆలోచనలు

రచయితకు జీవిత పరిశీలన ఉండాలని మన సభల్లో అందరం అంటాం. పరిశీలన అంటే ఏమిటో, ఎలా చెయ్యాలో మాత్రం వివరంగా చెప్పేవాళ్ళు తక్కువ. కేవలం చూడటమే పరిశీలన అయితే, బస్సు కిటికీలోంచి పొలాల్ని చూసేవాడు కూడా పరిశీలకుడే. ఈ విషయంలో మనస్తత్వశాస్త్రం సాహిత్య విమర్శ కన్నా ఎక్కువ శ్రమ పడింది. అంతఃపరీక్షణ, పరిశీలన, ప్రయోగం అని బి.ఎడ్. పుస్తకాల్లో వల్లెవేసిన పద్ధతుల్లో రెండోది కథకుడికి చాలా దగ్గరిది. అందులో ఒక్క ఉదాహరణ తీసుకుని చర్చిస్తాను.

ఆస్ట్రియాలో వియన్నా నగరానికి కొద్ది దూరంలో మారియెంతాల్ అనే పల్లె ఉంది. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద ఆధారపడి బతికేది. ఆర్థికమాంద్యం కాలంలో, 1929-30 మధ్య, ఆ మిల్లు మూతపడింది. 478 కుటుంబాల్లో సుమారు నాలుగింట మూడు వంతులు నిరుద్యోగం పాలయ్యాయి. 1931 చివర, 1932 మొదట్లో మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ త్సైజెల్, వారి సహచరులు ఆ ఊరిని అధ్యయనం చేశారు. పుస్తకం 1933లో జర్మనీలో అచ్చయింది. హిట్లర్ అధికారానికి వచ్చిన సంవత్సరమది. రచయితలు యూదులు గనుక వాళ్ళ పేర్లు ముఖపత్రం మీద వెయ్యలేదు.

ఈ బృందం పెట్టుకున్న మొదటి నియమమే మనకు పాఠం. ఊళ్ళో ఎవరూ ఊరికే చూస్తూ నిలబడకూడదు. ప్రతి పరిశోధకుడూ ఆ ఊరికి పనికొచ్చే ఏదో ఒక పనిలో ఉండాలి. పాత బట్టలు సేకరించి పంచారు, వైద్యం చేశారు, బట్టల కత్తిరింపు నేర్పారు, ఆడపిల్లలకు కసరత్తు తరగతులు నడిపారు. పని చేస్తూనే చూశారు, రాసుకున్నారు.

ఏం చూశారు? పెద్ద వీధిలో నడిచేవాళ్ళను వాళ్ళకు తెలియకుండా లెక్కపెట్టారు. 68 మంది మగవాళ్ళలో 39 మంది మూడుసార్లు, అంతకు మించి దారిలో ఆగిపోయారు. 32 మంది ఆడవాళ్ళలో అలా ఆగినవాళ్ళు ముగ్గురే. మిల్లు మూతపడ్డా వంట, చాకిరి, పిల్లల పెంపకం మూతపడలేదు. నిరుద్యోగం స్త్రీ పురుషులకు ఒకే అనుభవం కాదని ఈ చిన్న లెక్క ఎంత సూటిగా చెబుతున్నదో గమనించండి.

బడిలోనూ చూశారు. భృతి అందే ముందు రోజు 38 మంది పిల్లల్లో 19 మంది వట్టి రొట్టె తెచ్చుకున్నారు, లేదా ఏమీ తెచ్చుకోలేదు. భృతి అందిన మర్నాడు అలాంటివాళ్ళు ఇద్దరే. క్రిస్మస్‌కు ఏం కావాలో రాయమంటే, ఆ పిల్లలు కోరిన వస్తువుల ఖరీదు చుట్టుపక్కల ఊళ్ళ పిల్లల కోరికల్లో మూడోవంతు మాత్రమే ఉంది. పైగా చాలామంది తమ కోరికను షరతు పెట్టి రాశారు. అమ్మానాన్నలకు డబ్బుంటే ఫలానాది అడిగేవాణ్ణి అన్న ధోరణిలో. వ్యాసం దిద్దే నాబోటి ఉపాధ్యాయుడికి అది చేదర్థక వాక్యం. ఆ పరిశోధకులకు అది ఇంటి పరిస్థితి. భాషలో జీవితం ఎక్కడ దాగి ఉంటుందో ఇంతకన్నా స్పష్టంగా చూపిన విమర్శ వ్యాసాలు నేను ఎక్కువ చదవలేదు.

ఇక అసలు విషయం. ఈ పరిశోధకులు సోషలిస్టు భావాలు గలవాళ్ళు. ఆకలి పెరిగితే తిరుగుబాటు పెరుగుతుందని రాయటం వాళ్ళకు సులభం, ఇష్టం కూడా. కాని వాళ్ళు చూసింది వేరు. గ్రంథాలయంలో రుసుము ఎత్తేసినా పుస్తకాలు తీసుకెళ్ళటం దాదాపు సగానికి పడిపోయింది. ఖాళీ సమయం పెరిగింది, చదువు తగ్గింది. రాజకీయాల మీద ఆసక్తి కూడా సన్నగిల్లింది. చూసింది చూసినట్టే రాశారు.

ఇది నిరాశావాదమని కొందరు మిత్రులు అనవచ్చు. నేను అంగీకరించను. కుటుంబాలను వాళ్ళు నాలుగు తరగతులుగా విభజించారు: చెక్కుచెదరనివి, సర్దుకుపోయినవి, హతాశులైనవి, ఉదాసీనమైపోయినవి. తలసరి నెల ఆదాయం చూస్తే వరసగా 34, 30, 25, 19 షిల్లింగులు. మెట్టు మెట్టుకీ డబ్బు తగ్గుతున్నది, దానితోపాటే మనసూ కుంగుతున్నది. నిస్పృహ మనిషి స్వభావం కాదు, దానికి భౌతిక పునాది ఉందని ఇంతకన్నా ఎలా నిరూపించాలి?

ఈ అధ్యయనంలో లోపాలు లేవని కాదు. బట్టలు ఇచ్చే చేతి ముందు మనిషి తన బాధను ఒక రకంగానే చెప్పుకుంటాడు. ఆ తేడాను పూర్తిగా తీసివెయ్యటం సాధ్యం కాదు. తనను లెక్కపెడుతున్నారని వీధిలో నడిచేవాడికి తెలియకపోవటం న్యాయమా అన్న ప్రశ్న కూడా మిగులుతుంది. కథకులమైన మనకూ ఈ ప్రశ్న తప్పదు. మనం ఎవరి కథలు రాస్తున్నామో వాళ్ళ అనుమతి ఎన్నడైనా అడిగామా?

మన కథల్లో చాలా భాగం ముగింపు ముందే నిర్ణయించుకుని మొదలవుతాయి. పిడికిలి బిగించటం ఖాయమయ్యాక, మధ్యలో మనిషి ఎలా నడిచాడో చూడవలసిన అవసరం ఉండదు. 1964లో వచ్చిన కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ మీద మనం చేసిన వాదోపవాదాలు ఎక్కువగా దాని ముగింపు చుట్టూనే తిరిగాయి. అప్పు ఎలా పెరిగిందో, పంచాయతీలో ఆ లెక్క ఎలా విప్పాడో అన్న పరిశీలనాశక్తి మీద జరిగిన చర్చ అంతకన్నా తక్కువ. ఆ కథ బలం నా దృష్టిలో అక్కడే ఉంది.

దృక్పథం అక్కర్లేదని నేనటం లేదు. ఏ వీధిలో నిలబడి చూడాలో చెప్పేది దృక్పథమే. అక్కడ ఏం కనిపించాలో కూడా అదే నిర్ణయిస్తే మాత్రం సాహిత్యం నినాదానికి నకలుగా మిగులుతుంది. మగ్గం ఆగిన ఇంటి గురించి, మూతపడ్డ మిల్లు గురించి రాయబోయే యువ రచయితలు ముందు అక్కడ తమకొక పని వెతుక్కోవాలి. ఆ తర్వాత ఒక్క విషయాన్నయినా ఓపికగా లెక్కపెట్టాలి: పొయ్యి ఎన్నిసార్లు వెలిగిందో, మనిషి దారిలో ఎన్నిసార్లు ఆగాడో. ఆ లెక్క తాము అనుకున్న ముగింపుకు అడ్డం వస్తే, మార్చుకోవలసింది ముగింపునే.