తల్లె అడుగున ఎవరి పేరు?

ఇందల్వాయి టోల్‌గేటు దగ్గరి దాబాల్లో తిన్నాక ఖాళీ తల్లెను తిరగేసి చూడటం నాకు అలవాటు. మనవాళ్లు ఫైబర్ ప్లేట్లనేవి చాలావరకు మెలమైన్‌వి. హోటళ్లు మానేసిన పాత తల్లెలు, కప్పులు, సాసర్లు నిజామాబాద్ పాత సామాన్ల కొట్లలో ఇంకా దొరుకుతాయి. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో అవే చెబుతాయి.

గోరుతో కొడితే మెలమైన్ పింగాణీలాగే టక్కుమంటుంది. బకెట్ నీళ్లలో నిలువుగా ముంచి వదిలితే అడుక్కి పోతుంది. మామూలు పాలీప్రొపిలీన్ పైకి తేలుతుంది. తర్వాత అడుగుభాగం చూడాలి. నడిమధ్య చిన్న బొడ్డులాంటి మచ్చ ఉంటే, కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఎక్కించింది అక్కడి నుంచే. మెలమైన్‌కు సాధారణంగా ఆ మచ్చ ఉండదు. పొడిని వేడి అచ్చులో వేసి ప్రెస్సుతో నొక్కుతారు, అంచున పొంగినదాన్ని అరగదీస్తారు. వేలితో తడిమితే ఆ అరగదీత తెలిసిపోతుంది. బాణాల త్రికోణంలో అంకె ఉందంటే అది 1988కి ముందుది కాదు.

కొన్నిటి మీద రిజిస్టర్డ్ డిజైన్ నంబరు ఉంటుంది. ఆ రిజిస్టరు కలకత్తాలో ఉంది. మొదట 1911 చట్టం కింద, ఇప్పుడు 2000 చట్టం కింద నడుస్తోంది. నంబరును బట్టి కాలం తేలుతుంది. కానీ అందులో ప్రధానంగా ఉండేది హక్కుదారు పేరు, అంటే ఎక్కువసార్లు కంపెనీ పేరే. గీత గీసిన మనిషి కనపడడు.

అమెరికాలో 1953లో వచ్చిన ‘రెసిడెన్షియల్’ మెలమైన్ సామాను అడుగున రసెల్ రైట్ పేరు అచ్చులోనే ఉంది. ఇటలీలో ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునే మెలమైన్ పాత్రలు గీసిన మాసిమో విన్యెల్లికి 1964లో కొంపాసో దోరో బహుమతి ఇచ్చారు. మన దాబా తల్లె అంతకంటే తక్కువదేమీ కాదు. పప్పు అన్నంలోకి పారకుండా ఖానా గోడ ఎంత ఎత్తుండాలి, పచ్చడి ఖానా ఎంత లోతుండాలి, పేర్చినప్పుడు తల్లెలు జారకుండా అంచు ఎంత వంగాలి - ఇవన్నీ ఎవరో కూర్చుని ఆలోచించినవే. ఆ ఆలోచనను ఉక్కు అచ్చుగా చెక్కింది డై మేకర్.

ఆ విద్య మనకు దూరమైందేమీ కాదు. హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి అచ్చుల పని నేర్పుతోంది. మెలమైన్ కూడా మనకు కొత్త కాదు. ఎన్నో హోటల్ బల్లల మీద పరిచిన హైలం రేకులు సనత్‌నగర్‌లో తయారైనవే; వాటి పైపొరలో ఉన్నదీ మెలమైన్ రెసినే.

నిజామాబాద్, బోధన్ వైపు నుంచి వెళ్లి బాలానగర్ షెడ్లలో పాత్రల డైలు కోసిన పెద్దలెవరైనా ఉంటే, మీరు చెక్కిన తల్లె ఏదో, ఏ సంవత్సరమో ఈ కాలమ్‌కు ఉత్తరం రాయండి. వచ్చి, ఆ తల్లెను మీ చేతిలో పెట్టి, మీ పేరు రాసుకుంటాను.