రైలుబడి, పగటికల: రెండు బడుల పుట్టుక

తెత్సుకో కురోయానాగి రాసిన ‘తొత్తోచాన్’ను మనం ‘రైలుబడి’గా, గిజుభాయి బధేకా రాసిన ‘దివాస్వప్న’ను ‘పగటికల’గా తెలుగులో చదువుకున్నాం. పిల్లల చదువు మీద ఎక్కడ మాట వచ్చినా ఈ రెండింటినీ జంటగా చెబుతారు. నిజానికి వీటి దారులు వేరు. ఒకటి కొత్తగా పుట్టిన బడి కథ, మరొకటి ఉన్న బడి మళ్లీ పుట్టిన కథ.

టోక్యోలోని జియుగవోకాలో 1937లో సొసాకు కొబయాషి తొమోయె పాఠశాల పెట్టారు. పాత రైలు పెట్టెలే తరగతి గదులు. బడి మొత్తానికి యాభైమంది పిల్లలు. ఏ పాఠం ముందు చదవాలో పిల్లలదే ఇష్టం. మరో బడి ఒకటో తరగతిలోనే పంపించేసిన చిన్నారి తొత్తోచాన్ అక్కడ చేరడానికి వచ్చినప్పుడు, హెడ్మాస్టరు కొబయాషి నాలుగు గంటలు ఆ పిల్ల కబుర్లు విన్నారు. ఇంకోసారి తన పర్సు మరుగుదొడ్డిలో పడిపోయిందని ఆమె గుంటలోని మురికినంతా తోడి బయట పోస్తుంటే ఆయన తిట్టలేదు, సాయానికీ దిగలేదు. పని అయ్యాక అంతా తిరిగి లోపల వేసెయ్యాలని మాత్రం గుర్తుచేశారు. పిల్లను నమ్మడం ఎలా ఉంటుందో చెప్పడానికి ఆ ఒక్క ఘట్టం చాలు.

గిజుభాయి వకీలు వృత్తి వదిలి ఉపాధ్యాయుడైన మనిషి. 1920లో భావనగర్‌లో మాంటిస్సోరీ స్ఫూర్తితో బాలమందిర్ ప్రారంభించారు. అయినా 1932లో వచ్చిన ‘పగటికల’ను తన సొంత బడిలో నడపలేదు. మామూలు ప్రభుత్వ పాఠశాల నాలుగో తరగతిలోకి ఒక ఊహాజనిత ఉపాధ్యాయుణ్ణి పంపారు. గడువు ఏడాది. చివర్లో పరీక్ష తప్పదు. తొలిరోజు మాస్టారు మౌనంగా కూర్చునే ఆట ఆడిద్దామంటే క్లాసు గోలగోలైపోయింది. పిల్లలను ఇళ్లకు పంపేశాడు. మర్నాడు కథ మొదలుపెడితే అదే పిల్లలు చెవులు రిక్కించారు. తన బడిలో స్వేచ్ఛ ఉన్న మనిషి, స్వేచ్ఛ లేని బడిని కథకు ఎంచుకోవడమే ఈ పుస్తకపు గొప్పతనం.

చెప్పే గొంతులోనే అసలు తేడా ఉంది. ‘రైలుబడి’ని చూసేది పిల్ల. అందుకే పోలియో వచ్చిన యాసుఆకిని చెట్టెక్కించడానికి తొత్తోచాన్ పడ్డ పాట్లు మన కళ్లముందే జరుగుతాయి. కానీ ఆ బడి నడపడానికి హెడ్మాస్టరు పడ్డ శ్రమ పెద్దగా కనబడదు. ‘పగటికల’లో అది తలకిందులు. విద్యాధికారి అనుమానాలు, తోటి మాస్టర్ల ఎగతాళి, తప్పటడుగులు అన్నీ కనిపిస్తాయి. పిల్లలు మాత్రం తరగతిగా గుర్తుంటారే తప్ప యాసుఆకిలా ఒక్కొక్కరుగా మనసులో నిలవరు.

ముగింపుల దగ్గర నా మొగ్గు ‘రైలుబడి’ వైపే. 1945 వైమానిక దాడిలో తొమోయె తగలబడింది. మంటలు చూస్తూనే, ఈసారి ఎలాంటి బడి కడదామని కొబయాషి కొడుకుని అడిగారు. కానీ తను కలగన్న అలాంటి ప్రాథమిక పాఠశాలను మళ్లీ పెట్టకుండానే 1963లో కన్నుమూశారు. ‘పగటికల’లో ప్రయోగం చక్కగా నెగ్గుతుంది, అధికారి మెచ్చుకుంటాడు. వాదం గెలవాలన్న తొందర అక్కడ కథను కొంత పలచన చేసింది.

కళగా ‘రైలుబడి’దే పైచేయి. పనికొచ్చే పుస్తకంగా నా ఓటు ‘పగటికల’కే. రైలు పెట్టెలు తెచ్చి బడి పెట్టగలిగేవాళ్లు ఎక్కడో ఒకరుంటారు. సిలబస్, తనిఖీ, పరీక్షల మధ్య పాఠం చెప్పేవాళ్లు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. తల్లిదండ్రులు ముందు ‘రైలుబడి’ చదవండి. మాస్టార్లూ, టీచరమ్మలూ, మీరు ‘పగటికల’తో మొదలుపెట్టండి. రేపు హాజరు తీసుకోగానే పుస్తకం పక్కనపెట్టి, పిల్లలకు ఒక కథ చెప్పండి.